షిఫ్ట్ మారేటప్పుడు రాసే నాలుగు లైన్లు

మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసినన్నాళ్లూ డ్యూటీ దిగే ముందు చివరి పావుగంట లాగ్ బుక్‌కే ఇచ్చేవారు. ఆ షిఫ్టులో ఏం నడిచింది, ఏం ఆగింది, ఏ పని సగంలో ఉంది, వచ్చేవాళ్లు దేని మీద కన్నేసి ఉంచాలి. నాలుగైదు లైన్లు, కింద టైము, సంతకం. వచ్చిన మనిషికి నోటితో కూడా ఒకసారి చెప్పి, అప్పుడు స్కూటర్ తీసేవారు. 'ఎ' షిఫ్ట్ అయితే మధ్యాహ్నం 2 గంటలకు, 'బి' అయితే రాత్రి 10కి, 'సి' అయితే తెల్లవారి 6కి. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక ప్లాంట్ మాట ఎత్తేవారు కాదు. చెప్పాల్సిందంతా అక్కడే రాసి వచ్చేసేవారు కాబట్టి ఆ అవసరం ఉండేది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పావుగంట సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది. మా ఇల్లు గాజువాక దగ్గర, నా ఆఫీసు మధురవాడ వైపు. అంటే ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి. పొద్దున్న ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటుకుంటూ వెళ్లడం, రాత్రి అదే దారిన తిరిగి రావడం. ఒక రాత్రి అన్నం తింటుంటే మా అమ్మ అంది, "ఏటమ్మా, కంచం ముందు కూచున్నావు గానీ మనిషివి ఎక్కడున్నావు?" ఎక్కడున్నానో నాకే తెలియలేదు. ఆ రోజు పదకొండు గంటలు పనిచేశాను. ఏం చేశావని ఎవరైనా అడిగితే మాత్రం రెండు వాక్యాలు చెప్పలేను. ఆఫీసు ఇంటిదాకా వచ్చేసింది, ఇల్లు ఆఫీసుదాకా వెళ్లిపోయింది. రెండింటి మధ్య షిఫ్ట్ మారిన గుర్తే లేదు.

స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. ఒకసారి వెలిగించిన ఫర్నేస్ ఏళ్ల తరబడి రాత్రీ పగలూ నడవాలి. లోపల కరిగిన ఇనుము చల్లబడి గడ్డకడితే దాన్ని మళ్లీ దారికి తేవడం మహా కష్టం. అందుకే పండగొచ్చినా వానొచ్చినా మంట ఉంటుంది, మనుషులు మాత్రం ఎనిమిది గంటలకోసారి మారతారు. ఆ మార్పు సాఫీగా జరగడానికే లాగ్ బుక్.

ఆత్మపరిశీలన అనగానే మనలో చాలామంది తీరిక కోసం చూస్తాం. ఈ ప్రాజెక్టు అవ్వనీ, పిల్లల పరీక్షలు అవ్వనీ, చెల్లి పెళ్లి అవ్వనీ, అప్పుడు ఒక వారం అరకు వెళ్లి కూర్చుని జీవితం గురించి ఆలోచిద్దాం అనుకుంటాం. ఆ వారం రాదు. వచ్చినా అరకులో కూడా ఫోను మోగుతుంది. నేను ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నది ఒక్కటే. మంట ఆపకుండానే లాగ్ బుక్ రాయొచ్చు. ఎలా రాస్తే మనసుకు స్పష్టత వస్తుంది, ఎలా రాస్తే ఉన్నది కూడా చెడుతుంది అనే దాని మీద మనస్తత్వ శాస్త్రంలో కొన్ని పదుల ఏళ్లుగా జరిగిన పని ఉంది. అందులో కొంత మనం అనుకున్నదానికి పూర్తిగా ఎదురు తిరుగుతుంది కూడా.

సగంలో వదిలిన పనుల బరువు

ముందుగా, బిజీగా ఉన్న తలలో ఏం జరుగుతుందో చూద్దాం. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ఒక సంగతి చూపించారు. ఒక పని సగంలో వదిలి రెండో పనికి మారితే, మన ధ్యాసలో కొంత భాగం మొదటి పనిలోనే ఉండిపోతుంది. గిన్నె కడిగినా అడుగున మాడు మిగిలినట్టు. ఆ మాడు మీదే రెండో వంట, దాని మీదే మూడోది. సాయంత్రానికి ఏ కూర రుచీ తెలియదు. ఎక్సెల్ షీట్ మధ్యలో వాట్సాప్, వాట్సాప్ మధ్యలో కాల్, కాల్ మధ్యలో స్కూల్ నుంచి మెసేజ్. మనం అలసట అనుకునేదాంట్లో చాలా భాగం పని వల్ల వచ్చినది కాదనీ, ఇలా మిగిలిపోయిన మాడు వల్ల వచ్చినదనీ నా అనుమానం.

పూర్తికాని పనులు పిలవని చుట్టాల్లా తలలోకి వస్తూనే ఉంటాయి. మరి అవన్నీ పూర్తిచేస్తే గానీ నెమ్మది రాదా? ఇక్కడే ఒక మంచి కబురు ఉంది. 2011లో మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు, పూర్తికాని పనులు మనసులో ఉన్నవాళ్లకు చదవడానికి ఒక పాఠం ఇచ్చారు. వాళ్ల ధ్యాస మాటిమాటికీ ఆ పనుల మీదికే పోయింది. అయితే ఆ పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందుగా ఖాయం చేసుకున్నవాళ్లకు ఆ గోల తగ్గింది. పని పూర్తికాలేదు, దాని మీద చేయి కూడా పడలేదు. దానికొక తేదీ, ఒక చోటు దొరికాయి, అంతే. తల దాన్ని మోయడం మానేసింది.

2018లో మైఖేల్ స్కలిన్ బృందం ఇదే సంగతిని నిద్ర దగ్గర చూసింది. 57 మంది యువతీయువకులను ల్యాబ్‌లో పడుకోబెట్టే ముందు ఐదు నిమిషాలు రాయమన్నారు. సగం మంది అప్పటికే పూర్తిచేసిన పనులు రాశారు, సగం మంది ముందున్న రోజుల్లో చేయాల్సినవి రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా నిద్ర పట్టింది. రేపటి గురించి రాస్తే ఉన్న నిద్ర పోతుందేమో అని భయపడేవాళ్లలో నేనూ ఉన్నాను. జరిగింది దానికి రివర్స్.

'వచ్చేవాళ్లు దేని మీద కన్నేసి ఉంచాలి' అని మా నాన్న రాసిన లైను ఇదే. మన విషయంలో ఆ వచ్చే మనిషి రేపటి మనమే.

ఏ శబ్దమూ లేని గది

ఇంత సులువైనది మనం ఎందుకు చేయం? తీరిక లేక అంటాం. తీరిక దొరికినప్పుడు ఏం చేస్తామో చూస్తే ఆ జవాబు నిలబడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ తేదీ చెప్పనక్కర్లేదు. చెట్లన్నీ వేళ్లతో సహా పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. నీళ్లు మోసుకోవడం, పాల కోసం తిరగడం అయిపోయాక చేతిలో పొద్దంతా మిగిలేది. మా వీధిలో జనం గుమ్మాల్లో కూర్చున్నారు. చచ్చిపోయిన ఫోన్‌ను గంటకోసారి తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకోవడం నాకు బాగా గుర్తు. నేనూ అదే చేశాను. అది మోగదని తెలుసు. చేతికి ఏదో ఒకటి కావాలి.

అదే ఏడాది అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఫోను, పుస్తకం ఏమీ లేకుండా ఖాళీ గదిలో ఆరు నుంచి పదిహేను నిమిషాలు మీ ఆలోచనలతో మీరు కూర్చోండి అంటే చాలామందికి అది నచ్చలేదు. ఒక ప్రయోగంలో మనుషుల దగ్గర ఒక బటన్ కూడా ఉంచారు. నొక్కితే కరెంటు షాక్ తగులుతుంది. అంతకు ముందే ఆ షాక్ రుచి చూపించి, దాన్ని తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తాం అన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6గురు ఆ పావుగంటలో కనీసం ఒకసారి తమకు తామే షాక్ ఇచ్చుకున్నారు.

ఇది చదివి నవ్వుకోవడం సులువు. నాకైతే జాలేసింది. మనసుతో ఒంటరిగా కూర్చోవడం చిన్న పని కాదు. అలవాటు లేనివాళ్లను ఉన్నట్టుండి అరగంట కళ్లు మూసుకోమంటే వాళ్లు పారిపోవడంలో తప్పు లేదు. అందుకే నేను ఎవరికైనా ముందు కలం, కాగితమే చెబుతాను. కళ్ల ఎదుట కాగితం ఉంటే మనసుకు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

నెమరు వేరు, కుమిలిపోవడం వేరు

అయితే రాసేసినంత మాత్రాన మంచి జరుగుతుందని కూడా లేదు. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన ఆంథొనీ గ్రాంట్, ఆయన సహచరులు ఒక కొలమానం తయారుచేస్తూ రెండు విషయాలను విడదీశారు. ఒకటి, మనిషి తన గురించి తాను ఎంత ఆలోచిస్తాడు. రెండు, ఆ ఆలోచన వల్ల తన గురించి ఎంత తెలుసుకున్నాడు. రెండూ ఒకటే అనుకుంటాం కదా. వాళ్లు చూసినప్పుడు డైరీ రాసే అలవాటున్నవాళ్లు మొదటి దాంట్లో ముందున్నారు, రెండో దాంట్లో మాత్రం రాయనివాళ్ల కంటే వెనకబడ్డారు. ఎక్కువ ఆలోచించడం, ఎక్కువ తెలుసుకోవడం చేతులు పట్టుకుని నడవవు.

దీనికి కారణం మన తెలుగు మాటల్లోనే దొరుకుతుందని నాకనిపిస్తుంది. నెమరు వేసుకోవడం అంటాం. ఆవు మేతను పైకి తెచ్చుకుని నమిలి మళ్లీ మింగుతుంది. ఆ మేత ముందుకు పోతుంది, పాలవుతుంది. పాత జ్ఞాపకాలను నెమరు వేసుకున్నాం అన్నప్పుడు మన గొంతులో తృప్తే ఉంటుంది. ఇంకో మాట ఉంది, కుమిలిపోవడం. ఊక కుంపటిలా పైకి మంట కనపడదు, లోపల మాత్రం ఆరదు. అదే సంఘటన, అదే మాట, అదే 'నేనెందుకిలా', వందోసారి కూడా మొదటిసారంత వేడిగా. మేత నమిలినట్టే ఉంటుంది గానీ గొంతు దిగదు.

సూసన్ నోలెన్-హోక్సెమా తన జీవితకాలంలో ఎక్కువ భాగం ఈ కుమిలిపోవడం మీదే పనిచేశారు. ఆమెకు అనుకోకుండా ఒక సందర్భం దొరికింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు బాధ కలిగినప్పుడు ఏం చేస్తారో ప్రశ్నలడిగి రాసుకున్న కొద్ది రోజులకే, 1989 అక్టోబర్ 17న ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. తర్వాత అదే విద్యార్థులను మళ్లీ అడిగారు. ముందునుంచీ బాధను పట్టుకుని తిప్పుకునే అలవాటున్నవాళ్లలో ఏడు వారాల తర్వాత కూడా దిగులు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. భూకంపం అందరికీ ఒకటే. తర్వాత మనసులో దాన్ని ఎలా పెట్టుకున్నారన్నది ఒకటి కాదు.

మరి రాత మేలు చేసిన సందర్భాలు లేవా? ఉన్నాయి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమను బాగా కుదిపేసిన ఒక సంఘటన గురించి రాయమన్నారు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. పెన్నెబేకర్ తర్వాత ఆ కాగితాల్లోని మాటలను లెక్కపెట్టారు. ఎక్కువ మేలు పొందినవాళ్ల రాతల్లో రోజులు గడిచేకొద్దీ 'కాబట్టి', 'ఇప్పుడు అర్థమవుతోంది' లాంటి మాటలు పెరిగాయి. అంటే నాలుగో రోజు కథ మొదటి రోజు కథ కాదు, అది కదిలింది. నాలుగు రోజులే అన్నది కూడా గమనించాలి. నలభై ఏళ్లు రాయమనలేదు.

సింహావలోకనం అనే మాట మనకు సభల్లో, వార్షిక నివేదికల్లో అరిగిపోయింది. అసలు బొమ్మ చాలా బాగుంటుంది. సింహం నడుస్తూ కొంత దూరం వెళ్లి, ఆగి, తల తిప్పి వెనక్కి చూస్తుంది. చూసి మళ్లీ నడుస్తుంది. వెనక్కి పరుగెత్తదు, అక్కడే కూలబడదు. నాకు తెలిసినంతలో ఆత్మపరిశీలనకు ఇంతకంటే పొదుపైన నిర్వచనం లేదు. పక్కనే సింహాచలం కొండ ఉన్న ఊరివాళ్లం, ఈ మాట మనకు కొంచెం దగ్గరగా వినిపించాలి.

'ఎందుకు' అనే ప్రశ్నతో చిక్కు

రాయడానికి కూర్చోగానే చేతికి మొదట తగిలే ప్రశ్న 'ఎందుకు'. నాకు ఎందుకు సంతోషంగా లేదు? నేను ఎందుకు ఇలా విసుక్కుంటున్నాను? లోతైన ప్రశ్నలాగే ఉంటుంది. దాంతో ఉన్న చిక్కు ఏమిటంటే, మన మనసు దానికి ఎప్పుడూ జవాబు లేదనదు. తెలియకపోతే తయారుచేస్తుంది.

1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ రాసిన ఒక పత్రంలో దీనికి పేరుపడిన ఉదాహరణ ఉంది. ఒక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, వచ్చినవాళ్లను ఏది బాగుందో చెప్పమన్నారు. కుడి చివర ఉన్నదాన్ని ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందన్నారు, నాణ్యత బాగుందన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే రకం. కుడి పక్కన ఉంది కాబట్టి తీసుకున్నాం అని ఒక్కరూ అనలేదు. అలా జరిగుండొచ్చా అని అడిగితే కూడా దాదాపు అందరూ కాదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమ మనసులోకి చూసుకుని, అక్కడ కనిపించిందే చెప్పారు. అక్కడ కనిపించింది నిజం కాదు, అంతే.

ఇది నన్ను చాలా రోజులు కలవరపెట్టింది. మన గురించి మనమే నమ్మకమైన సాక్షి కాకపోతే ఇక ఆత్మపరిశీలన దేనికి? 1993లో గ్రెగరీ హిక్సన్, విలియం స్వాన్ చేసిన పనిలో దీనికి ఒక దారి కనిపిస్తుంది. తాము ఎలాంటివాళ్లమో ఆలోచించినవాళ్లకు తమ గురించి కాస్త తెలిసింది. తాము ఎందుకు అలాంటివాళ్లమో ఆలోచించినవాళ్లు తమను సమర్థించుకునే కారణాలు వెతుక్కున్నారు. 'ఏం', 'ఎప్పుడు', 'ఎక్కడ' అనే ప్రశ్నలకు జవాబు జరిగినదాంట్లో ఉంటుంది. 'ఎందుకు'కు జవాబు ఊహలో ఉంటుంది.

నా సంగతే చెబుతాను. నా విసుగంతా ట్రాఫిక్ వల్లే అని నాకు గట్టి నమ్మకం. రోజూ అంత దూరం, ఎవరికైనా విసుగు రాదా అనుకునేదాన్ని. ఇల్లు మారాలని కూడా అనుకున్నాం. నాలుగు వారాలు, ఆఫీసు ఉన్న ఇరవై రోజులు, నాన్న పద్ధతిలో నాలుగు లైన్లు రాశాను. 'ప్రాణం ఉసూరుమన్న గంట' అని ఒక లైను అందులో పెట్టాను. నెలాఖరున వెనక్కి తిప్పి చదివితే, హనుమంతవాక దగ్గర గంట ఇరుక్కున్న రోజుల్లో ఆ లైను చాలాసార్లు ఖాళీగా ఉంది. తొమ్మిది రోజుల్లో మాత్రం ఒకే మాట వేరు వేరు రూపాల్లో కనిపించింది. 'సరే అన్నాను.' మనసు కాదంటుంటే సరే అన్నాను. ఆఫీసులో, ఇంట్లో, ఒకసారి పక్కింటివాళ్ల దగ్గర. నేను సంవత్సరాలుగా 'ఎందుకు' అని అడిగినా బయటపడనిది, 'ఎప్పుడు' అని ఇరవైసార్లు అడిగితే బయటపడింది. ఇల్లు మారలేదు. ఎవరేం అడిగినా "రేపు చెప్తాను" అనడం నేర్చుకున్నాను. ఇంకా నేర్చుకుంటున్నాను.

ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయనాడు నిజరూపం చూపించి మళ్లీ చందనం పూసుకునే దేవుడి నీడలో మనం బతుకుతున్నాం. మనల్ని మనం మొత్తంగా, అట్టడుగుదాకా చూసేయాలనే పట్టుదల అక్కర్లేదని నాకు అక్కడ నిలబడినప్పుడు అనిపిస్తుంది. కనిపించినంత చూసి, దానితో రేపటి పని నడిపించుకోవచ్చు.

టెన్షన్ అనే ఒక్క మాట

ఎలా ఉన్నావు అంటే టెన్షన్‌గా ఉంది అంటాం. పరీక్షకీ టెన్షనే, పెళ్లికీ టెన్షనే, అప్పుకీ టెన్షనే, బాస్ పలకరించకపోయినా టెన్షనే. ఈ మాట మీద నాకు కోపం లేదు, రోజూ వాడతాను. కాకపోతే లాగ్ బుక్‌లో 'మెషిన్ బాగోలేదు' అని రాస్తే వచ్చినవాడికి ఏం తెలుస్తుంది? బేరింగ్ వేడెక్కుతోందా, ఆయిల్ కారుతోందా, బెల్ట్ జారుతోందా చెప్పాలి.

తెలుగులో మనసుకు ఎన్ని మాటలున్నాయో ఒకసారి తలుచుకోండి. దూరంగా ఉన్న మనిషి కోసం బెంగ. కారణం తెలియని సాయంత్రం దిగులు. అన్యాయం జరిగిందని తెలిసీ ఏమీ చేయలేనప్పుడు కోపమూ ఏడుపూ కలిసి వచ్చే ఉక్రోషం. నలుగురిలో మాట పడితే ముఖం చిన్నబోవడం. కొత్తచోట బెరుకు. చేతులు ఆడని గాభరా. మనవాళ్ల మీద మాత్రమే వచ్చే అలక. చేసిన పనికి గుర్తింపు లేనప్పటి నొచ్చుకోవడం. వీటిలో ఏ రెండూ ఒకటి కాదు. ఒక్కొక్కదానికి మందు కూడా వేరు. బెంగకు ఒక ఫోన్ కాల్ చాలు. ఉక్రోషానికి ఎవరితోనో ఒక మాట తేల్చుకోవాలి. గాభరాకు ముందున్న పనిని ముక్కలు చేసుకోవాలి. అన్నింటినీ టెన్షన్ అనే ఒక సంచిలో వేస్తే చేతికి ఏదీ దొరకదు.

2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌లో ఒక సంగతి గమనించింది. కోపం, భయం ఉన్న ముఖాల ఫొటోలు చూసి ఆ భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం నెమ్మదించింది. పేరు పెట్టడం కూడా ఒక పనే, అది శరీరంలో కూడా జరుగుతుంది. నేను రాసే నాలుగు లైన్లలో ఒకటి ఇప్పుడు దీనికే. ఆ రోజు మనసుకు సరైన తెలుగు మాట. కొన్నిసార్లు ఐదు నిమిషాలు పడుతుంది. మాట సరిగ్గా తగిలినప్పుడు భుజాలు దిగడం తెలుస్తుంది.

రాసే పద్ధతి

నా పద్ధతి చెబుతాను, మీకు తగ్గట్టు మార్చుకోండి. ఇవాళ ఏం జరిగింది, ఏది సగంలో ఉంది, దాన్ని రేపు ఎన్ని గంటలకు పట్టుకుంటాను, మనసు మాట ఏమిటి. అంతే. పది నిమిషాలు దాటితే ఆపేస్తాను. దాటిందంటే సాధారణంగా కుమిలిపోవడం మొదలైందని అర్థం. ఫోన్‌లో రాయను. అందులో రాయడానికి తెరిస్తే ఇంకేదో చదవడం మొదలవుతుంది.

బాధగా ఉన్న రోజు మాత్రం 'నేను' అని రాయను, నా పేరు పెట్టి రాస్తాను. ఫలానా ఆమె ఇవాళ మీటింగ్‌లో ఇలా అంది, తర్వాత నొచ్చుకుంది అని. మొదట్లో సిగ్గేసింది. ఈథన్ క్రాస్ బృందం 2014లో చేసిన ప్రయోగాల్లో, ఒత్తిడి సమయంలో తమతో తాము 'నేను' అని కాకుండా సొంత పేరుతో మాట్లాడుకున్నవాళ్లకు కంగారు తగ్గింది, తర్వాత దాన్ని తలుచుకుని బాధపడటం కూడా తగ్గింది. స్నేహితురాలికి సలహా చెప్పేటప్పుడు మనకు ఉండే తెలివి మన విషయంలో ఎటు పోతుందో అని వాపోతాం కదా, పేరు పెట్టి రాస్తే ఆ తెలివి కొంత తిరిగి వస్తుంది.

రాసిన కాగితాలను నెలకోసారి చదవాలి. రాసి మూసేయడం సగం పనే. ఒక్కరోజు లైనులో ఏమీ కనపడదు. ఇరవై రోజులవి పక్కపక్కన పెడితే చారలు కనిపిస్తాయి. చదివాక, మనల్ని దగ్గరగా చూసే ఒకరిని, అమ్మనో, భర్తనో, పాత స్నేహితురాలినో, "నేను ఈ మధ్య ఎప్పుడు చిరాగ్గా ఉంటున్నాను?" అని అడగాలి. మేజోళ్ల కథ గుర్తుంది కదా, మనం చూడలేని కుడి చివర వాళ్లకు కనిపిస్తుంది.

ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. లాగ్ బుక్‌లో ఫలానా యంత్రం పాడైందని రాస్తారు. దానికి ఆపరేటర్ మనసు కుదుటపడాలని రాయరు. పన్నెండు గంటలు పని చేయించుకుని ఎనిమిది గంటల జీతమిచ్చే చోట, వంటా పిల్లలూ పెద్దవాళ్ల మందులూ ఒక్క మనిషి మీదే పడ్డ ఇంట్లో, ఎంత ఆత్మపరిశీలన చేసుకున్నా అలసట తగ్గదు. అలాంటివాళ్లకు నాలుగు లైన్ల వల్ల జరిగే మేలు వేరు. తప్పు తమలో లేదని తమ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఆ కాగితం ముందు పెట్టి ఇంట్లో పనులు పంచుకోవడం గురించి మాట్లాడిన ఒకావిడ నాకు తెలుసు. నోటితో చెప్పినప్పుడు గొడవైంది, వారం రోజుల లెక్క చూపించినప్పుడు మాట సాగింది.

ఇంకొకటి. రోజూ కుమిలిపోవడమే అవుతుంటే, వారాల తరబడి నిద్ర లేకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, బతకడం దండగ అనిపిస్తుంటే కాగితం చాలదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మన ఊళ్లో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమో అనే బెరుకుతో ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. జ్వరమొస్తే కేజీహెచ్‌కు వెళ్లినట్టే వెళ్లండి.

వేట ఆగిన రెండు నెలలు

రోజువారీ లాగ్ బుక్ చాలని రోజులు కూడా ఉంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఫిషింగ్ హార్బర్‌కు ఆ రోజుల్లో వెళ్లి చూడండి. బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. ఇంజన్ విప్పి బాగుచేసేవాళ్లు, వలలు ఒడిలో వేసుకుని చిరుగులు కుట్టేవాళ్లు, రంగులు వేసేవాళ్లు. ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇళ్లల్లో ఎంత ఇబ్బందో నాకు తెలుసు, దాన్ని అందమైన బొమ్మగా చూపించాలని లేదు. వల చిరుగు సముద్రం మీద ఉన్నప్పుడు కూడా తెలుస్తుంది. తీరిగ్గా కుట్టడం మాత్రం ఒడ్డున పరిచినప్పుడే కుదురుతుంది.

ఉద్యోగం మారాలా, ఈ అప్పు చేయాలా, అమ్మానాన్నల దగ్గర ఎవరు ఉండాలి లాంటివి పది నిమిషాల్లో రాత్రిపూట తేలవు. తేల్చాలని చూస్తే నిద్ర చెడుతుంది. అలాంటివి నా కాగితంలో 'ఒడ్డు' అనే మాట కింద ఒక చోట రాసి పెడతాను. ఏడాదికి రెండుసార్లు, పెద్ద పండగ అయ్యాక ఒకరోజు, ఎండల్లో ఒకరోజు, వాటి కోసమే సెలవు పెడతాను. పొద్దున్నే భీమిలి వైపు వెళ్లి కూర్చుంటాను. అప్పటికి ఆ పేజీలో సగం విషయాలు వాటంతటవే తేలిపోయి ఉంటాయి. మిగిలిన రెండు మూడు విషయాలకు రోజంతా దొరుకుతుంది. పోయినసారి మిగిలింది ఒక్కటే, నాన్నకు మోకాలి ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది. మధ్యాహ్నానికి తేలింది, ముందు ఆయన్నే అడగాలని. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

నాన్న రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పటికీ వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో, తేదీల గళ్లలో చిన్న అక్షరాలతో రాస్తారు. గ్యాస్ బుక్ చేశాం. మోటారు శబ్దం వస్తోంది, చూడాలి. బీపీ మాత్రలు ఇంకా ఆరు. కింద ఇంటి పేరులోని మొదటి అక్షరం, టైము. నా నోట్‌బుక్‌లో నిన్న రాత్రి ఇలా ఉంది.

రిపోర్ట్ పంపాను. రెండో భాగం సగంలో ఉంది, రేపు 11కి. పెద్దమ్మకు ఫోన్ చేస్తానని చేయలేదు, రేపు బస్సులో. సాయంత్రం ఆరుకు ఉక్రోషం, ఏడుకు తగ్గింది. నాన్న క్యాలెండర్‌లో మోటారు సంగతి మూడు రోజుల నుంచి అలాగే ఉంది, మెకానిక్‌ను పిలవాలి. రాత్రి 10.20.